కోరా ఖాదీ రంగును అచ్చు వేయగల ప్రెస్: విజయనగరం నుంచి ఒక సమీక్ష

విజయనగరం గంటస్తంభానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో, పొందూరు ఖాదీ చీరలు, పంచెలు, జాకెట్టు గుడ్డల కేటలాగు ఒకటి ఇటీవల అచ్చు వేయించాను. డిజైన్ నాది, ఫోటోలు వేరొకరు తీసినవి, సరుకు పొందూరు వ్యాపారిది. కంప్యూటర్ తెర మీద కుదిర్చిన రంగు కాగితం మీదికి ఎంత నమ్మకంగా వచ్చిందన్నదే ఇక్కడ ప్రధాన విషయం కనుక ధర, గడువు, బైండింగ్ వంటివాటిని అవసరమైన మేరకే ప్రస్తావిస్తాను. ప్రెస్ పేరు రాస్తే ఇది ప్రకటనగానో ఫిర్యాదుగానో చదువుకునే వీలుంది కాబట్టి రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే, ఉత్తరాంధ్ర డిజైనర్లు రంగు మీద భయంతో విశాఖకో విజయవాడకో మోసుకెళ్లే పనుల్లో చాలా వాటిని ఈ ప్రెస్ చేయగలదు. అయితే ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపే నమూనా) దగ్గర కూర్చుని చూసే ఓపిక ఉన్నవారికే ఆ ఫలితం దక్కుతుంది.

పొందూరు ఖాదీ రంగుల అచ్చుకు చాలా కఠినమైన పరీక్ష. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేతితో సన్నని నూలు వడుకుతారు. చలువ చేయని ఆ నూలుతో నేసిన బట్టకు ఉండే కోరా రంగు, నాలుగు రంగుల అచ్చులో సుమారు సయాన్ (ఆకాశనీలం) 4, మెజెంటా (గులాబీ ఎరుపు) 6, పసుపు 14 శాతం దగ్గర తేలుతుంది. అంత లేత రంగులో మెజెంటా రెండు మూడు శాతం తగ్గినా బట్ట పచ్చబారినట్టు కనిపిస్తుంది, పెరిగితే గులాబీ ఛాయ వచ్చేస్తుంది. ముదురు ఎరుపు అంచులో అంతే తేడా వస్తే ఎవరికీ కనిపించదు. పైగా చీర మడతల్లోని నీడలు బూడిద రంగులో ఉంటాయి. బూడిద రంగు రావాలంటే సయాన్ 50 ఉన్నచోట మెజెంటా, పసుపు 40 చొప్పున ఉండాలన్న సమతౌల్యం యంత్రం మీద కూడా నిలవాలి. కేటలాగు చూసి చీర తెప్పించుకున్న కొనుగోలుదారు బట్టను పుస్తకం పక్కన పెట్టి చూస్తాడు, తేడా ఉంటే చీర తిరిగి వస్తుంది. అందుకే ఈ పనికి ప్రెస్‌ను ఎంచుకునే ముందు ధరల పట్టిక కంటే వారు అడిగే ప్రశ్నలను ఎక్కువగా గమనించాను.

వారు మొదట అడిగినది కాగితం గురించి. లోపలి పేజీలకు 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ అని చెప్పాక, దానికి తగిన ప్రొఫైల్ (ఏ సిరా అంకెలకు ఏ రంగు వస్తుందో చెప్పే ఫైలు) పేరు, ఒకేచోట పడే నాలుగు సిరాల శాతాల మొత్తానికి పరిమితి, అంచు కోతకు వదలవలసిన 3 మిల్లీమీటర్లు, పీడీఎఫ్ రకం, ఇవన్నీ ఉన్న ఒక కాగితం చేతికిచ్చారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన ప్రాంతంలో అరుదు. సాధారణంగా వినిపించే మాట "సీఎంవైకేలో పెట్టి పంపేయండి సార్" అన్నది ఒక్కటే. సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల అంకెలు) అంటే అన్ని చోట్లా ఒకే రంగు ఇచ్చే ఏర్పాటు కాదు. ఏ కాగితం, ఏ సిరా, ఏ యంత్రం అన్నదాన్ని బట్టి అవే అంకెలు వేర్వేరు రంగులు ఇస్తాయి. ఫోటోషాప్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే చాలా కంప్యూటర్లలో ఉండేది అమెరికాలో రీలు కాగితం మీద వేసే వెబ్ ఆఫ్‌సెట్ అచ్చుకు రూపొందించిన స్వాప్ ప్రొఫైల్. ఈ ప్రెస్ పాటించేది జర్మనీకి చెందిన ఫోగ్రా సంస్థ 39వ కొలతల పట్టికను. దాని ఆధారంగా తయారైన ఐఎస్‌ఓ కోటెడ్ వీ2 ప్రొఫైల్‌లో నాలుగు సిరాల మొత్తం పరిమితి 330 శాతం కాగా, వీరు 300 శాతానికి కట్టిన రూపాన్నే అడుగుతారు. సముద్రపు గాలి తేమలో సిరా ఆరడానికి ఎక్కువ సమయం పడుతుందనీ, 330 దాకా వెళ్తే ఒక షీటు సిరా పై షీటు వెనక్కి అంటుకుంటుందనీ వారు చెప్పిన కారణం సబబుగానే ఉంది.

కోరల్‌డ్రాలో పనిచేసేవారికి కూడా ఇదే కాగితం వర్తిస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ ఎక్కువ పని కోరల్‌డ్రాలోనే, అను ఫాంట్లతోనే జరుగుతుంది కాబట్టి, తెలుగు అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చిన తర్వాతే ఫైలు తీసుకుంటామని వారు స్పష్టంగా రాశారు. చిన్న అక్షరాలన్నీ నలుపు సిరా ఒక్కదానితోనే ఉండాలని కూడా రాసి ఉంది. తెలుగు ఒత్తులు, గుడిసున్నలు నాలుగు సిరాల నలుపుతో వేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అక్షరం చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మను అచ్చుకు తీసుకోబోమన్న నిబంధన మరొకటి. అలా పంపినప్పుడు బొమ్మ కుదించుకుపోతుంది కనుక నిబంధన న్యాయమైనదే. ఇది చదివి కోపగించుకున్న ఒక పెళ్లివారి మనిషిని కౌంటర్ దగ్గరే చూశాను.

ఇక డిజైనర్ వైపు చేయవలసిన పని గురించి కొంత వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే ఈ ప్రెస్ మీద వినిపించే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ప్రెస్‌కు చెందినవి కావు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగును తిప్పి పంపుతుంది. అందువల్ల తెర మీద మెరిసే చిలకపచ్చ, రాణి రంగు, నారింజ వంటివి నాలుగు సిరాలకు అందవు. ముదురు నీలం మరీ మోసం చేస్తుంది. తెర రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలో నీలం 255 పెట్టి, దాన్ని ఏ ఆలోచనా లేకుండా మార్చేస్తే సయాన్, మెజెంటా రెండూ దాదాపు సమానంగా వచ్చి అచ్చులో వంగపండు రంగు అయిపోతుంది. నీలం నీలంగానే ఉండాలంటే మెజెంటా సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువ ఉండాలన్నది వృత్తిలో అందరూ పాటించే సూత్రం. కేటలాగులో నీలిమందు రంగు పంచె ఒకటి ఉంది. దానికి సయాన్ 100, మెజెంటా 65 దగ్గర ఆపి, కొద్దిగా నలుపు కలిపితే నిలిచింది. ప్రెస్ ఇచ్చిన ప్రొఫైల్‌ను ఫోటోషాప్‌లో పెట్టి సాఫ్ట్ ప్రూఫ్ (తెర మీదే అచ్చు నమూనా) చూసుకుంటే ఈ మార్పులన్నీ ఫైలు పంపక ముందే కనిపిస్తాయి. అయితే తెర కొలిచి సరిచేసినదై ఉండాలి. కొత్త మానిటర్లు దుకాణంలో మెరవడం కోసం చాలా ఎక్కువ వెలుగుతో వస్తాయి. చదరపు మీటరుకు 120 క్యాండెలాల లోపుకు తగ్గించి, కొలత పరికరంతో ప్రొఫైల్ చేయించుకోకపోతే అచ్చు ఎప్పుడూ చీకటిగా వచ్చినట్టే అనిపిస్తుంది.

ఫోటోలను సీఎంవైకేలోకి మార్చేటప్పుడు బూడిద ఛాయల్లోని మూడు రంగుల భాగాన్ని తగ్గించి, దాని స్థానంలో నలుపు ఎక్కువ వాడమని ప్రెస్‌లో ఫైళ్లు చూసే యువకుడు సూచించాడు. జీసీఆర్ అని పిలిచే ఈ పద్ధతి తెలిసినదే అయినా, ప్రెస్ వారే ముందుకు వచ్చి చెప్పడం మెచ్చుకోదగినది. మడతల నీడలను నలుపే మోస్తున్నప్పుడు యంత్రం మీద మెజెంటా కాస్త అటూ ఇటూ అయినా ఆ నీడల రంగు అంతగా మారదు.

ఈ ప్రెస్‌లో అన్నిటికంటే విలువైన సేవ ప్రూఫ్. రంగుల జిరాక్స్ యంత్రం మీద ఒక కాపీ తీసి "ఇలాగే వస్తుంది" అని చూపించేవారు చాలామంది ఉన్నారు. ఆ కాపీకి ఆఫ్‌సెట్ యంత్రంతో ఏ సంబంధమూ లేదు. ఇక్కడ ఇచ్చేది ఫోగ్రా 39ను అనుకరించేలా కొలిచి సరిచేసిన ఇంక్‌జెట్ ప్రూఫ్. దాని అంచున చిన్న చిన్న రంగు గళ్ల పట్టీ ఉంటుంది. స్పెక్ట్రోఫోటోమీటర్‌తో ఆ గళ్లను కొలిచి, ఆశించిన రంగుకూ వచ్చిన రంగుకూ మధ్య తేడాను డెల్టా ఈ అంకెల్లో చీటీ మీద అంటిస్తారు. చిన్న పట్టణపు ప్రెస్‌లో ఈ చీటీ కనిపించడం నాకు ఆశ్చర్యమే. దీనికి విడిగా డబ్బు తీసుకుంటారు. పెద్ద సంఖ్యలో అచ్చు వేయించేవారికి అది మొత్తం ఖర్చులో చాలా చిన్న వంతు, వంద కాపీల పనికి మాత్రం బరువే.

ప్రూఫ్‌ను చూసే వెలుగు గురించి ఇంకా చెప్పాలి. ప్రెస్ లోపల బూడిద రంగు గోడలున్న చిన్న అరలో 5000 కెల్విన్ దీపం పెట్టారు, అచ్చు రంగులు చూసేందుకు అంతర్జాతీయంగా నిర్ణయించినది ఈ డీ50 వెలుగే. మేము వెంట తీసుకెళ్లిన కోరా చీరను ప్రూఫ్ పక్కన ఆ దీపం కింద పరిచినప్పుడు రెండూ కలిసిపోయాయి. వీధి గుమ్మం దగ్గరి ఎండలో చూస్తే కాగితం నీలం వైపు జరిగింది, బట్ట మాత్రం కదలలేదు. ఆర్ట్ పేపర్ తెల్లగా కనిపించడానికి తయారీలోనే మెరుపు రసాయనాలు కలుపుతారు. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను నీలి వెలుగుగా తిప్పి పంపుతాయి. చలువ చేయని నూలులో ఆ రసాయనం లేదు. కనుక ఏ ప్రెస్ అయినా, ఎంత ఖర్చు పెట్టినా, అన్ని వెలుగుల్లోనూ ఈ బట్టకూ ఆ కాగితానికీ సరిపోలిక తేలేదు. కేటలాగును జనం ఎక్కువగా చూసేది దుకాణాల్లో, ఇళ్లలో ఎల్‌ఈడీ దీపాల కింద కాబట్టి ఆ వెలుగులో కూడా ఒకసారి చూసి, పసుపును ఒక శాతం పెంచి సంతకం చేశాను. మెరుపు తక్కువగా ఉండే కాగితం తెప్పించగలరా అని అడిగితే, పరిమాణం ఎక్కువైతేనే వీలవుతుందన్నారు.

యంత్రం దగ్గర నిలబడనివ్వడం ఈ ప్రెస్ చేసే మరో మంచి పని. చాలా చోట్ల యంత్రం గదిలోకి కస్టమర్‌ను రానివ్వరు. ఇక్కడ మెషిన్ నడిపే పెద్దాయన స్వయంగా పిలిచి, సంతకం చేసిన ప్రూఫ్‌ను బల్ల మీద పెట్టి, షీటు అంచున ఉన్న రంగుల పట్టీని డెన్సిటోమీటర్‌తో కొలుస్తూ సిరా సర్దారు. "తడి మీద చూసి మురిసిపోకండి, ఆరితే కొంచెం దిగుతుంది బాబూ" అని ఆయన అన్న మాట ఫలితంలో అక్షరాలా కనిపించింది. ఆఫ్‌సెట్ యంత్రంలో సిరాను షీటు వెడల్పు పొడవునా ఇంక్ కీలు అనే చిన్న చిన్న మరలతో నియంత్రిస్తారు. ఒక మర తెరిస్తే షీటు నడిచే దిశలో ఆ నిలువు వరుసలో ఉన్న పేజీలన్నిటికీ సిరా పెరుగుతుంది. ఒకే వరుసలో ముదురు మెరూన్ చీర పేజీ, కోరా చీర పేజీ పడితే, మెరూన్‌కు కావలసిన సిరా కోరాను చెడగొడుతుంది. మా కేటలాగు పేజీలను షీటు మీద అమర్చేటప్పుడే లేత రంగుల పేజీలన్నీ ఒక వరుసలో, ముదురువన్నీ మరో వరుసలో వచ్చేలా చూశారు. పేజీల వరుస క్రమాన్ని కొంత మార్చుకోవలసి వచ్చినా అది మంచి బేరమే. నాకు తెలిసి రంగు విషయంలో ఈ ప్రెస్‌ను మిగతావారి నుంచి వేరు చేసేది ఈ అమరిక తెలివే.

ఇదే కారణంగా, తక్కువ ధరకు పలువురి పనులను ఒకే షీటు మీద కలిపి వేసే పద్ధతిలో రంగు ఖచ్చితత్వం ఆశించకూడదు. ఈ ప్రెస్‌లోనూ ఆ సదుపాయం ఉంది, విజిటింగ్ కార్డులకూ కరపత్రాలకూ అది చాలు. పక్కవారి శుభలేఖ నిండా కుంకుమ రంగు ఉంటే మీ కార్డుకు కూడా మెజెంటా ఎక్కుతుందని కౌంటర్‌లో ఎవరూ చెప్పరు. అడిగితే ఒప్పుకుంటారు.

లోపాల విషయానికి వస్తే, అట్ట మీద మ్యాట్ లామినేషన్ వేయించినప్పుడు రంగు లోతు తగ్గింది. నీలిమందు రంగు పంచె అట్ట మీద పాలిపోయి, లోపలి పేజీలో ముదురుగా ఉండి, రెండు వేర్వేరు బట్టల్లా కనిపించాయి. మ్యాట్ ఫిల్మ్ వెలుగును చెదరగొట్టడం వల్ల నలుపు, ముదురు రంగులు తేలిపోవడం సహజమే. కానీ ప్రూఫ్ చూపించేటప్పుడు, దీని మీద ఫిల్మ్ పడితే ఇలా ఉంటుందని చిన్న ముక్క అంటించి చూపించడం పెద్ద పని కాదు. వారు చూపించలేదు. మెరిసే గ్లాసీ ఫిల్మ్ వేయించుకునేవారికి ఈ సమస్య ఉండదు, అందులో రంగులు కాస్త నిండుగానే కనిపిస్తాయి.

కేటలాగు మధ్యలో పెట్టిన ధరల పత్రాన్ని మాప్‌లితో కాగితం మీద వేయించాము. అక్కడ అసలైన నిరాశ ఎదురైంది. పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, అచ్చులో రంగును ఏర్పరచే చుక్కలు విచ్చుకుంటాయి. ఆర్ట్ పేపర్ మీదే 50 శాతం చుక్క సుమారు 64 శాతంగా పడుతుందంటే మాప్‌లితో మీద ఇంకా పెరుగుతుంది. దానికి వేరే ప్రొఫైల్ కావాలి, అడోబీ సాఫ్ట్‌వేర్‌లో అన్‌కోటెడ్ ఫోగ్రా 29 దానికోసమే ఉంటుంది. ప్రెస్ ఇచ్చిన కాగితంలో పూత కాగితపు వివరాలు మాత్రమే ఉన్నాయి, మాప్‌లితోకు ఏది వాడాలని అడిగితే "అదే పెట్టండి, మేము చూసుకుంటాం" అన్నారు. ఫలితంగా ధరల పత్రంలోని చిన్న ఫోటోలన్నీ మసకబారాయి, కోరా రంగు మట్టి రంగుకు దగ్గరైంది. మళ్లీ వేసిమ్మంటే సగం ఖర్చుకు వేసిచ్చారు, ఈసారి ఫోటోలు తీసేసి గీతల బొమ్మలతో సర్దుకున్నాము. ఆర్ట్ పేపర్ మీద ఇంత శ్రద్ధ చూపినవారు మాప్‌లితోను ఇలా వదిలేయడం ఎందుకో అర్థం కాలేదు. స్కూలు మ్యాగజైన్లు, సంఘాల వార్షిక నివేదికలు ఎక్కువగా ఆ కాగితం మీదే వేయించుకుంటారు కనుక ఇది చిన్న లోపం కాదు.

జరీ అంచులు ఎవరు వేసినా నాలుగు సిరాల్లో గోధుమ రంగుగానే వస్తాయి. ఐదో ప్లేటుగా బంగారు సిరా వేయగలమన్నారు, ఖర్చు చూసి వద్దనుకున్నాము. ముదురు నేపథ్యం మీద తెల్ల అక్షరాలు 8 పాయింట్ల కంటే చిన్నవైతే కొన్ని షీట్లలో పూడుకుపోయాయి. బైండింగ్ శుభ్రంగా ఉంది, కోత ఒకటి రెండు కాపీల్లో కొద్దిగా వంకర.

గడువు విషయంలో జాగ్రత్త అవసరం. విజయదశమి తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు వారాల్లో పోస్టర్లు, కరపత్రాలు, స్వాగత కార్డులతో ప్రెస్‌లన్నీ నిండిపోతాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో శుభలేఖల ఒత్తిడి. ఆ రోజుల్లో ప్రూఫ్ అడిగితే ఇస్తారు కానీ యంత్రం దగ్గర నిలబడి నాలుగు షీట్లు పోల్చుకునే తీరిక మీకూ ఉండదు, ఆ పెద్దాయనకూ ఉండదు. పొందూరు, చీపురుపల్లి వైపు నుంచి వచ్చేవారికి రైలు సౌకర్యం ఉంది కాబట్టి, ప్రూఫ్ కోసం ఒకసారి, యంత్రం ఎక్కినప్పుడు ఒకసారి స్వయంగా రావడం కష్టం కాదు. శ్రీకాకుళం నుంచి ఫోన్ మీదే ప్రూఫ్ ఆమోదిస్తామనుకునేవారు ఈ ప్రెస్‌కు డబ్బు పెట్టడం దండగ, ఫోన్ తెర మీద ప్రూఫ్ ఫోటో చూసి ఏ రంగునూ ఆమోదించలేరు.

మళ్లీ వేయించే ఉద్దేశం ఉన్నవారు, ఆమోదించిన షీటు మీద సంతకం పెట్టి ఒకటి తమ దగ్గర, ఒకటి ప్రెస్‌లో ఉంచమని అడగాలి. వెలుగు తగలని కవరులో పెట్టి, పని నంబరు రాసి భద్రపరుస్తారు. రెండోసారి అచ్చుకు ప్రూఫ్‌తో పాటు ఆ షీటునే ప్రమాణంగా తీసుకుంటామని బిల్లు మీద రాయించుకున్నాను. ఈ ఖాదీ వ్యాపారి తదుపరి కేటలాగు, బొబ్బిలి వీణల మీద నేను చేస్తున్న మరో పుస్తకపు లోపలి పేజీలు ఇక్కడికే ఇస్తాను. అట్టకు మాత్రం గ్లాసీ ఫిల్మ్ ముక్క అంటించి చూపించాకే ఒప్పుకుంటాను, మాప్‌లితో మీద రంగుల పని ఏదైనా ఉంటే, దానికి తగిన ప్రొఫైల్ వారి కాగితంలో చేరే దాకా వేరే చోటికి పంపుతాను.